బొమ్మ కింద పేరేది?



పోయిన నెల మన గోడపత్రిక నడిమధ్యన ఒక బొమ్మ అంటించినారు. తాండాలో ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల వరస బొమ్మ. మనుషులు కనపడరు, ఉత్త బిందెలే. ప్లాస్టిక్ బిందె, స్టీలు బిందె, సొట్ట పోయిన బిందె, చివరాఖర్న ఒక చిన్న చెంబు. ఆ చెంబు చూసి నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చినట్టయింది. చూసినోళ్ళంతా బాగుంది, బాగుంది అన్నారు. కవిత కింద రాసినోళ్ళ పేరుంది. సామెతల కింద "సేకరణ" అని పేరుంది. ఆఖరికి కాగితాలు అంటించడానికి మైదా గంజి కాచినోళ్ళ పేర్లు కూడా మూలలో ఉన్నాయి. బొమ్మ కింద మాత్రం పేరు లేదు. సంపాదకురాలు అక్కను అడిగితే, "బొమ్మే కదే, ఖాళీ జాగా ఉంటే పెట్టినాం" అనింది.

ఆ మాట మీదనే ఈ వ్యాసం. అక్క కోపం చేసుకోకూడదు.

ముందు ఇంకో సంగతి రాయాల. రాయొద్దని ఇద్దరు ముగ్గురు చెప్పినారు. అయినా రాస్తున్నాను. జూలై నెలలో భోజనాల హాలు బయట, చేతులు కడుక్కునే కొళాయిల పక్క గోడ మీద ఏడో తరగతి చెల్లెలొకతె బొగ్గుతో బొమ్మ వేసింది. పేరు రాయను, అందరికీ తెలుసు. చేతిలో తాళాల గుత్తి, చంకలో హాజరు పుస్తకం, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. కళ్ళు మాత్రం అద్దాల పైనుంచి ఇటే చూస్తా ఉంటాయి. అన్నీ లెక్కపెడితే పన్నెండో పదమూడో గీతలు, అంతే. ఎవరి బొమ్మో చెప్పాల్సిన పని లేదు.

వార్డెన్ మేడం వచ్చినారు. నేను ప్లేటు కడుగుతా పక్కనే ఉన్నాను కాబట్టి చూసింది రాస్తున్నాను. మేడం ముందు నవ్వినారు. ఒక నిమిషం నిలబడి చూసినారు. కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. తర్వాత మేమందరం చూస్తున్నామని గుర్తొచ్చి గట్టిగా అరిచి సున్నం బక్కెట్టు తెప్పించినారు. ఆ చెల్లెలు వారం రోజులు ఆటల టైములో వరండా ఊడ్చింది. ఆమె డ్రాయింగు పుస్తకం ఇంకా ఆఫీసు రూములో బీరువా మీదనే ఉండాది.

గోడ పాడు చేయడం తప్పే. గోడ మనది కాదు, గవర్నమెంటుది. సున్నం కొట్టించింది సరే, ఊడ్పించింది కూడా సరే అంటాను. తప్పు గోడ మీద జరిగితే శిక్ష పుస్తకానికి ఎందుకు పడాల? నాకు అర్థం కానిది అదొక్కటే.

ఒకరి ముక్కు, కళ్ళద్దాలు కొంచెం పెద్దవి చేసి గీస్తే అది అవమానం అని చాలామంది అనుకుంటారు. కార్టూను అంటే అదే కదా. ఢిల్లీలో శంకర్ అని ఒక కార్టూనిస్టు ఉండేవారు, పూర్తి పేరు కేశవ శంకర్ పిళ్ళై. 1948లో ఆయన "శంకర్స్ వీక్లీ" అనే పత్రిక పెట్టినప్పుడు ప్రధానమంత్రి నెహ్రూయే వచ్చి ప్రారంభం చేసినాడు. నన్ను కూడా వదలొద్దు శంకర్ అని నెహ్రూ అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. శంకర్ నిజంగానే వదల్లేదు, ఎన్నోసార్లు వేసినాడు. ప్రధానమంత్రికి లేని కోపం మనకెందుకు? (ఇది వార్డెన్ మేడంను ఉద్దేశించి రాయలేదు. కొంచెం రాసినాను.) ఆ శంకరే 1949లో పిల్లల బొమ్మల పోటీ మొదలుపెట్టినారు. అది తర్వాత అన్ని దేశాల పిల్లల పోటీ అయింది.

ఆర్.కె. లక్ష్మణ్ సంగతి ఇంగ్లీషు సార్ క్లాసులో చెప్పినారు. గళ్ళ కోటు, పంచె కట్టుకున్న ఒక ముసలాయన బొమ్మ. ఆయన ఏమీ మాట్లాడడు, పక్కన నిలబడి అంతా చూస్తా ఉంటాడు. ఆ బొమ్మ వేసిన లక్ష్మణ్‌కు చిన్నప్పుడు బొంబాయిలో జె.జె. ఆర్ట్ స్కూలు వాళ్ళు సీటు ఇవ్వలేదంట, నీలో అంత ప్రతిభ లేదని. మన డ్రాయింగు పరీక్షలో 35 మార్కులు వచ్చినోళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాల. ఆయన 2015లో చనిపోయినారు. తెలుగులో అయితే శ్రీధర్ "ఇదీ సంగతి" అని ఈనాడులో 2021 దాకా గీసినారు. మా తాండాలో చదువు రాని మా తాత కూడా టీ అంగడిలో పేపరు తీసి ముందు ఆ బొమ్మ చూసేవాడంట. వార్త ఎవరన్నా చదివి చెప్పాల, బొమ్మ తనంతట తానే చూసుకోవచ్చు కదా.

ఆడపిల్లలం కాబట్టి ఇంకొకరి పేరు చెప్తాను. విశాఖపట్నం రాగతి పండరి. తెలుగులో కార్టూన్లు గీసిన ఆడవాళ్ళలో మొదటి వరసలో చెప్పేది ఈమె పేరే. చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఇంట్లో కూర్చొని వేల కార్టూన్లు గీసి పోస్టులో పత్రికలకు పంపింది. 2015లో చనిపోయింది. ఆడోళ్ళకు జోకులు రావు అనే మగపిల్లలు ఎవరన్నా ఉంటే ఈమె కార్టూన్లు చూపించండి.

ఇంక అసలు ప్రశ్నకు వస్తాను. ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి నా జతగత్తె అడిగింది, "బొమ్మలేస్తే అన్నం వస్తాదా?" అని. ఇది మంచి ప్రశ్న. మన ఇండ్లలో అడగాల్సిన ప్రశ్న. వస్తాదని ఊరికే అబద్ధం చెప్పను.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది కదా. మన హాస్టల్లో ఆ పక్క ఊర్ల పిల్లలు నలుగురున్నారు. వాళ్ళకు కూడా ఆ ఊరి సంగతి సరిగా తెలీదు, ఇదొక విచిత్రం. అక్కడ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. మేకతోలు తెచ్చి నానబెట్టి, వెంట్రుకలు తీసి, వెలుతురు కనపడేదాకా గీకి పల్చగా చేస్తారు. ఆరినాక దాని మీద బొమ్మ గీస్తారు, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు, రంగులేస్తారు. ఆ రంధ్రాలు ఊరికే కొట్టినవి కావు. తెల్లగుడ్డ వెనక దీపం పెట్టినప్పుడు ఆ రంధ్రాల్లోనుంచి వెలుతురు వచ్చి సీతమ్మ మెడలో నగలు మెరుస్తాయి. అంటే వాళ్ళు వేసేది రంగుతో సగం, వెలుతురుతో సగం. పగలు గోడకు ఆనించి చూస్తే అది సగం బొమ్మే. ఈ మాట అక్కడి పిల్ల ఒకతె చెప్పింది, నాకు చానా నచ్చింది.

ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. కానీ రాత్రంతా రామాయణం ఆడితే కూర్చొని చూసేవాళ్ళు ఎంతమంది? సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఇప్పుడు ఫోను. అందుకని వాళ్ళు అదే తోలుతో, అదే ఉలితో దీపాలకు గొడుగులు, తలుపులకు తోరణాలు చేసి అమ్ముతున్నారు. హనుమంతుడు లైటు బుడ్డీ చుట్టూ తిరుగుతున్నాడు. దీన్ని చూసి కళ చచ్చిపోయిందని బాధపడేవాళ్ళు ఉన్నారు. నేను అట్లా అనను. చెయ్యి బతికుంటే బొమ్మ బతికుంటుంది, చేసే మనిషి కడుపు నిండాల కదా ముందు. కానీ ఆట పోయి గొడుగు మిగిలితే, బొమ్మ వెనక నిలబడి గొంతు మార్చి మాట్లాడే మనిషి మాత్రం పోతాడు. ఆ మాట కూడా చెప్పాల.

ధర్మవరంలోనే ఇంకో రకం చిత్రకారులున్నారు. వాళ్ళను ఎవరూ చిత్రకారులు అనరు. పట్టుచీర అంచుకు హంస కావాలంటే ముందు ఎవరో ఒకరు గళ్ళకాగితం మీద ఆ హంసను వేయాల. ఒక్కో గడి ఒక్కో పోగు. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీద జకార్డుకు ఎక్కుతాయి. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరు మీద వేస్తున్నారు. చీర కట్టుకున్న పెండ్లికూతురు పేరు పత్రికలో ఉంటుంది, అంగడి పేరు డబ్బా మీద ఉంటుంది. హంసను వేసినాయన పేరు యాడుంది? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. రైల్లో పోతా చూస్తే తెల్ల కార్లు చీమల్లాగ వరసగా కనిపిస్తాయి. ఆ కారు కూడా మొదట్లో ఎవరో కాగితం మీద గీసిన గీతే కదా. కాబట్టి అన్నం కొందరికి వస్తాది, కొందరికి రాదు. డ్రాయింగు నేర్చుకున్నందువల్ల ఎవరూ చెడిపోలేదు. పదో తరగతి పరీక్షలని చెప్పి డ్రాయింగు పీరియడు లెక్కల సారుకు ఇచ్చేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. (లెక్కల సార్ మంచివారే.)

లేపాక్షికి పోయిన ఏడు టూరు పోయినాం. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. గైడు మమ్మల్ని వేలాడే స్తంభం దగ్గర ఇరవై నిమిషాలు నిలబెట్టినాడు. స్తంభం కింద కాగితం తోయడం, చున్నీ తోయడం, సెల్ఫీలు. అక్కడ తోపులాట. పైన కప్పు మీద బొమ్మలకు మాత్రం రెండు నిమిషాలు ఇచ్చినాడు. మెడ నొప్పి పుడుతుందని నేను, ఇంకో పిల్ల నేల మీద పడుకొని చూసినాం. మేడం లేవమన్నారు, లేవలేదు. ఆ రోజు నేను చూసింది ఇంకా కండ్ల ముందర ఉంది. దాదాపు 500 ఏళ్ళ కింద, విజయనగరం అచ్యుతరాయల కాలంలో వేసినవి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, అన్నీ మట్టి రంగులే. పార్వతి పెండ్లి, ద్రౌపది స్వయంవరం, అర్జునుడు శివుడితో కొట్లాడేది, అడివిపంది వేట. ఆడవాళ్ళ చీరలు ఒకరిది ఉన్నట్టు ఒకరిది లేదు. చారలు, చుక్కలు, గళ్ళు, పూలు. ఇన్ని రకాల చీరలు ఆ రోజుల్లో ఉండేవా, లేక వేసినాయన కొన్ని ఊహించి వేసినాడా అని ఆలోచన వచ్చింది. ఊహించి వేసినా తప్పు లేదు. ఆ ఊహలో నుంచి వచ్చిన అంచులను తర్వాత నేతగాళ్ళు నేసినారు కదా. మర్రాకు మీద పడుకున్న చిన్న కృష్ణుడు ఎటు పోతే అటే చూస్తాడు. అది నిజమే, పడుకొని దొర్లి మరీ చూసినాం.

గుడి కట్టించిన విరుపణ్ణ పేరు గైడుకు తెలుసు, ఆయన కండ్ల కథ కూడా చెప్పినాడు. "బొమ్మలు వేసినోళ్ళ పేరు ఏందన్నా?" అని అడిగితే, "అవన్నీ ఎవరికి తెలుసమ్మా" అన్నాడు. అప్పటినుంచే నాకు ఈ పేర్ల పిచ్చి పట్టింది.

ఇప్పుడు మా అమ్మ గురించి. మేము యాడి అంటాం. చాలామంది సుగాలి పిల్లలే కాబట్టి మీకు చెప్పాల్సిన పని లేదు. యాడి స్కేలు లేకుండా, టేపు లేకుండా ఫేటియా మీద అద్దాలు కుడుతుంది. ఇటు పక్క ఏడు అద్దాలుంటే అటు పక్క ఏడు. త్రిభుజం, దాని పక్కన తిరగేసిన త్రిభుజం. లెక్కల సార్ సౌష్ఠవం పాఠం చెప్పినప్పుడు నేను ఇది ముందే చూసినాను అనుకున్నా, కానీ లేచి చెప్పలేదు. ఎందుకంటే ఆరో తరగతిలో చేరిన కొత్తలో యాడి ఫేటియా కట్టుకొని ఆదివారం నన్ను చూడడానికి వచ్చింది. గేటు దగ్గర ఎవరో నవ్వినారు. ఎవరో కూడా నాకు తెలీదు. నేను యాడితో, "ఈసారి చీర కట్టుకొని రా" అని చెప్పినాను. ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత చీర కట్టుకొనే వస్తా ఉంది. ఫేటియా, కాంచళి ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

2023 జూలైలో హంపిలో జీ-20 సమావేశాలు జరిగినప్పుడు సండూరు పక్క లంబాణీ ఆడవాళ్ళు 450 మందికి పైగా కలిసి కుట్టినవి 1755 ఒకేచోట పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. పేపర్లో ఆ ఫోటో చూసి అందరికీ చూపించినాను. అదే కుట్టు, అవే అద్దాలు. పేపర్లో వస్తే చూపించినాను, గేటు దగ్గరికి వస్తే దాచినాను. నన్ను నేనే ఏమనుకోవాలో తెలీదు. యాడికి ఫోను చేసి ఫేటియా కట్టుకొని రమ్మని చెప్పాలనుకుంటా ఉన్నా. ఇంకా చెప్పలేదు.

మధ్యప్రదేశ్‌లో భూరీబాయి అని ఒకామె ఉంది. భిల్లు జాతి. మన తాండాల నుంచి బెంగుళూరుకు పోతారే, అట్లా కూలికి భోపాల్ పోయింది. అక్కడ భారత్ భవన్ అని కళల భవనం కడుతుంటే రాళ్ళు, ఇసుక మోసింది. జె. స్వామినాథన్ అనే చిత్రకారుడు అక్కడ పెద్ద. ఆయన ఆ కూలి ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి, మీ ఇంటి గోడల మీద వేసే బొమ్మలు కాగితం మీద వేస్తారా అని అడిగినాడు. ఆమె వేసింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆమె మోసిన రాళ్ళతో కట్టిన భవనంలోనే ఆమె బొమ్మలున్నాయి. మహారాష్ట్రలో వార్లీ జాతి జివ్యా సోమా మాషేకు 2011లో, గోండు జాతి దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీలు వచ్చినాయి. దుర్గాబాయి, ఆమె భర్త సుభాష్ కలిసి అంబేడ్కర్ జీవితాన్ని అంతా బొమ్మలతోనే "భీమాయన" అని 2011లో పుస్తకం చేసినారు. లైబ్రరీకి తెప్పించమని ప్రిన్సిపాల్ సారుకు ఈ గోడపత్రిక ద్వారా మనవి.

నేను వీళ్ళ గురించి చెప్పేది వాళ్ళకు బిరుదులు వచ్చినాయని కాదు. స్వామినాథన్ చేసిన పని చూడండి. ఆయన ఆగి అడిగినాడు, అంతే. బిరుదు రాకముందు కూడా భూరీబాయి అదే భూరీబాయి, అవే బొమ్మలు.

రంగు గురించి ఒక మాట. మనమంతా మనుషుల బొమ్మ వేస్తే మొహానికి లేత గులాబీ క్రేయాన్ రుద్దుతాం. దాన్ని "స్కిన్ కలర్" అంటాం. ఎవరి స్కిన్ అప్పా అది? మన క్లాసులో ఒక్కరన్నా ఆ రంగులో ఉన్నారా? తోట వైకుంఠం గారని కరీంనగర్ పక్క బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు. ఆయన వేసే ఆడవాళ్ళంతా నల్లగా నిగనిగలాడతా, పెద్ద కుంకుమ బొట్టు, ఎర్రచీర, పసుపు రవిక, ముక్కుపుడకతో ఉంటారు. తన ఊరి ఆడవాళ్ళను, తన తల్లిని చూసే వేసినానని చెప్పుకున్నారు. ఆ బొమ్మ ఒకటి క్యాలెండరులో చూసి నేను గోధుమ రంగు క్రేయాన్ వాడడం మొదలుపెట్టినా. నా పెట్టెలో ఇప్పుడు గులాబీ రంగు కొత్తగానే ఉంది, గోధుమది అరిగిపోయింది. ఎవరి దగ్గరన్నా ఉంటే మార్చుకుందాం.

ఇక కాపీ కొట్టే విషయం. మన గోడపత్రిక పేరు పైన పెద్ద అక్షరాలు చూడండి. కొంచెం వాలుగా, తలకట్టు ఎగిరినట్టు. ఆ అక్షరాలు బాపు గారివి. పెండ్లి పత్రికల మీద, అంగడి బోర్డుల మీద తెలుగోళ్ళంతా ఆయన చేతిరాతలోనే రాస్తున్నారు, కంప్యూటర్లలో కూడా ఎక్కింది. 2014లో చనిపోయినారు, చెయ్యి మాత్రం మన గోడ మీద ఉంది. దాన్ని నేను తప్పు అనను. చందమామలో వడ్డాది పాపయ్య గారి అట్టమీద బొమ్మలు, శంకర్ గారి విక్రమార్కుడు, భేతాళుడు చూసి గీసి గీసి ఎంతమంది నేర్చుకున్నారో. (ఈ శంకర్ వేరే, కార్టూన్ల శంకర్ వేరే. ఈయన 2020లో చనిపోయినారు.) చూసి గీయడం నేర్చుకునే పద్ధతి. నిమ్మలకుంటలో కూడా తాతల బొమ్మ చూసే మనవడు నేర్చుకుంటాడు. చూసి గీసినప్పుడు "ఫలానా వారి బొమ్మ చూసి" అని కింద రాస్తే సరిపోతుంది. కార్బన్ పేపరు పెట్టి రుద్ది, నాది అనడం మాత్రం నాకు నచ్చదు. ఇప్పుడు ఫోనులో మాట చెప్తే చాలు అదే బొమ్మ వేసి ఇస్తాది. కంప్యూటర్ సార్ చూపించినారు. "తాండాలో బిందెల వరస" అని కొట్టినాం. చానా అందంగా వచ్చింది. అన్ని బిందెలూ కొత్తవే. చివర్లో చెంబు లేదు.

సంపాదకవర్గానికి, పెద్దలకు నా మనవి. వచ్చే నెల నుంచి ప్రతి బొమ్మ కింద వేసిన వాళ్ళ పేరు, తరగతి రాయాల. బిందెల బొమ్మ వేసిన పిల్ల ఎవరో కనుక్కొని ఆలస్యంగా అయినా పేరు వేయాల. కొళాయిల పక్క గోడలో ఒక మూరెడు జాగా నల్లరంగు కొట్టించి ఇస్తే సుద్దముక్కతో వేసుకుంటాం, వారం వారం మేమే తుడుచుకుంటాం. రంగు డబ్బా కొనేదానికి మా పదో తరగతి వాళ్ళం తలా ఐదు రూపాయలు ఇస్తాం అని ఒప్పుకున్నారు. బీరువా మీది డ్రాయింగు పుస్తకం ఆ చెల్లెలికి తిరిగి ఇవ్వమని మేడంగారిని కోరుతున్నాను. అందులో మొదటి పేజీలో మన వంటామె సంగటి కెలికే బొమ్మ ఉందంట, చూసినోళ్ళు చెప్పినారు. అది ఈ పత్రికలో వేస్తే బాగుంటుంది.

తప్పులుంటే మన్నించగలరు. బొమ్మలు ఇచ్చేవాళ్ళు శనివారం స్టడీ అవర్ లోపల పదో తరగతి గదిలో కిటికీ పక్క బెంచీలో ఇవ్వండి. పేరు కాగితం వెనక కాదు, ముందు పక్క, బొమ్మ కిందనే రాయండి.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థిని